తీసేసిన వెలుతురు

పోయిన వారం ధరణిని తిరుపతి బస్టాండులో నగరి బస్సెక్కించి వదిలేశాం. డాక్టరమ్మ అడిగిన ప్రశ్న ఏమిటో చెప్పకుండానే బస్సు కదిలించేశానని మీలో కొందరికి నా మీద కోపం వచ్చే ఉంటుంది. రావాల్సిందే. ఆ ప్రశ్న విన్నప్పటి నుంచి ధరణి గొంతులో గుక్కెడు కాఫీ కూడా దిగలేదు. మీకు మాత్రం హాయిగా ఎందుకుండాలి?

కథలోకి ఇప్పుడే వచ్చినవాళ్ళ కోసం నాలుగు మాటలు. ధరణి తండ్రి కుప్పయ్యది నగరిలో మరమగ్గాల మీద బతికే ఇల్లు. ధరణి పలక పట్టుకునే వయసులో ఉన్నప్పుడు, అద్దకం షెడ్డులో కాస్టిక్ సోడా నీళ్ళు ముఖం మీద చిమ్మి ఆయన రెండు కళ్ళూ తెల్లబడిపోయాయి. చూపు పోయినా మనిషి కుదురు తప్పలేదు. చీకటి పడితే పడుకునేవాడు, తెల్లారితే లేచేవాడు, పగలంతా మగ్గాలకు కావలసిన నూలు కండెలు చుట్టేవాడు. అలా ఇన్నేళ్ళు నడిచింది. కూతురి పెళ్ళయిన తరవాత ఉన్నట్టుండి ఆయన నిద్ర గాడి తప్పింది.

నిద్ర పట్టకపోవడం కాదు. పడుతుంది, కానీ రోజురోజుకీ కొంచెం ఆలస్యంగా పడుతుంది. అలా జరిగి జరిగి కొన్నాళ్ళకు రాత్రంతా మేలుకుని పగలంతా చచ్చినట్టు పడుకుంటాడు. ఇంకొన్నాళ్ళకు ఆ జరగడమే ఒక చుట్టు తిరిగొచ్చి, మళ్ళీ అందరితో పాటే పడుకుని అందరితో పాటే లేస్తాడు. హమ్మయ్య, నయమైంది అని భార్య భువనేశ్వరి దేవుడికి దణ్ణం పెట్టుకునేలోపు మళ్ళీ మొదటికొస్తుంది. పూర్తిగా పాడైన మనిషినైనా ఇంట్లోవాళ్ళు క్షమిస్తారు. పోయిన వారం బాగుండి ఈ వారం బాగుండని మనిషిని నటిస్తున్నాడంటారు. కుప్పయ్యకు తాయెత్తు కట్టించారు, తాగుతున్నాడేమోనని నోరు వాసన చూశారు, నచ్చజెప్పారు, తిట్టారు. ఆఖరికి, ఇంట్లో అందరూ నిద్రలో ఉన్నప్పుడు ఆయన షెడ్డులోకి వెళ్ళి మిషను వేయడం, భుజం మీది తువ్వాలు మోటారు బెల్టులో చిక్కుకోవడం, మెడ దాకా వచ్చి ఆగడం జరిగాక, తమ్ముడు మురుగేష్ శ్రీకాళహస్తి దగ్గర ఒక ఆశ్రమం మాట్లాడి వచ్చాడు. తీసుకుపోవడానికి కారు ఈ మధ్యాహ్నమే వస్తుంది. అది రాకముందే ఇల్లు చేరాలని ధరణి బస్సెక్కింది.

ధరణి ఇంటి వీధిలోకి తిరిగేసరికి ఎండ నడినెత్తికెక్కుతోంది. వీధి పొడవునా మగ్గాలు దడదడమంటున్నాయి. కరెంటున్నంతసేపూ ఆ వీధిలో పగలనీ లేదు, రాత్రనీ లేదు, అదే మోత. మామూలు ఊళ్ళో కళ్ళు లేనివాడికి చెవులైనా చెబుతాయి, ఇది మిట్టమధ్యాహ్నం, ఇది అర్ధరాత్రి అని. కుప్పయ్యకు ఆ సాయం కూడా లేదు.

వసారాలో భువనేశ్వరి భర్త పంచెలు మడిచి గుడ్డసంచిలో పెడుతోంది. ఉతికి, గంజి పెట్టి, ఇస్త్రీ చేసిన పంచెలు. వదిలించుకునే మనిషికి ఇస్త్రీ ఎందుకు అని మీరు అడగవచ్చు. ఆమెను రాక్షసి అనుకోబోయే ముందు ఒకసారి ఆమె కళ్ళ కిందకి చూడండి. అక్కడి నలుపు ఒకటి రెండు రాత్రులది కాదు.

"నాయన యాడమ్మా?" అంది ధరణి చెప్పులు విడుస్తూనే.

"లోపల. అందరూ టిఫిన్ తినే టయానికి పడుకున్నాడు. లేపబాక. కారొచ్చినాక లేపుదాం."

"కారు వద్దని చెప్పు."

భువనేశ్వరి ఇంకో పంచె తీసుకుంది. మాటలు విని షెడ్డులోంచి మురుగేష్ వచ్చాడు. చేతికంటిన గ్రీజు పాత గుడ్డతో తుడుచుకుంటున్నాడు. అన్న పనీ తన పనీ తనే చేసుకుంటూ ఆ మగ్గాలను నిలబెట్టినవాడు మురుగేష్. చెడ్డవాడు కాదు, ఓపిక తక్కువ.

"ఏం పాపా, పొద్దున్నుంచి ఫోన్ ఎత్తకుండా యాడికి పోయినావు?"

"తిరపతికి పోయినా చిన్నాయనా. నిద్ర డాక్టరమ్మ దగ్గరికి. ఆయమ్మ నన్ను ఒకటే అడిగింది. మీ నాయనకి కండ్లు పోయినాయా, తీసేసినారా అని."

మురుగేష్‌కి ఆ ప్రశ్నలో ఏముందో అర్థం కాలేదు. "రెండూ జరిగినాయి గదా. ముందు పోయినాయి. నీ పెండ్లికి ముందు తీయించి గాజు కండ్లు పెట్టించినాం. దాంట్లో దాపెట్టేదేముండాది?"

"తీయించింది ఎప్పుడు? నా పెండ్లికి ముందర. నిద్ర చెడింది ఎప్పుడు? పెండ్లయినాక. మనలో ఒక్కరికైనా తట్టిందా చిన్నాయనా?"

ఆమె నిలబడే చెప్పుకొచ్చింది. డాక్టరమ్మ చెప్పింది తనకు అర్థమైనంత మేరకు, బస్సులో దారి పొడవునా లోలోపల అప్పజెప్పుకున్నట్టుగా చెప్పింది. మనిషి తలలో ఒక గడియారం ఉంటుంది. చాలామందిలో అది రోజుకు కొంచెం నెమ్మదిగా నడుస్తుంది. రోజూ పొద్దున వెలుతురు కంట్లో పడగానే అది సర్దుకుంటుంది. ఆ పనికి చూపు అక్కర్లేదు. మనిషి ముఖం కనిపించని కన్ను, దారి కనిపించని కన్ను కూడా లోపల బాగుంటే వెలుతురు వచ్చిందని తలకు కబురు చెబుతూనే ఉంటుంది. ఆ కన్ను కూడా లేకపోతే గడియారం తన ఇష్టం వచ్చినట్టు జరిగిపోతుంది. కుప్పయ్యది నటన కాదు, గాలి సోకడం కాదు, తాగుడు కాదు. ఆయన ఒంటికి తెల్లారిందని చెప్పేవాడు లేడు.

"మందు ఉండాది," అని చేతిసంచిలోంచి మాత్రల అట్ట తీసి చూపించింది ధరణి. "రోజూ సాయంత్రం ఒకే టయానికి ఇయ్యాల. ఒక్క రోజు కూడా తప్పకూడదు. కొన్ని నెలలు పట్టొచ్చు, అందరికీ పట్టాలని కూడా లేదు. కానీ చూడొచ్చునని చెప్పింది."

భువనేశ్వరి చేతిలోని పంచె ఒళ్ళోకి జారింది. ఆమెకు గుర్తొచ్చింది ఏమిటో నేను చెబుతాను. చూపు పోయిన కుప్పయ్య రోజూ పొద్దున లేచి వసారాలోకి వచ్చి, ముఖం తూర్పుకి తిప్పి, "తెల్లారినట్టుండాదే" అనేవాడు. కాకుల అరుపు విని చెబుతున్నాడని ఇంట్లో నవ్వుకునేవాళ్ళు. మబ్బు పట్టిన రోజుల్లో ఆయన ఆలస్యంగా అనేవాడు. కాకులు మబ్బు పడితే ఆలస్యంగా అరుస్తాయా అని ఎవరూ ఆలోచించలేదు. కళ్ళు తీయించిన తరవాత ఆయన ఆ మాట అనడం మానేశాడు. అదీ ఎవరూ పట్టించుకోలేదు.

"ఇప్పుడు చెప్పి ఏం లాభం?" అంది భువనేశ్వరి చివరికి. "తీసిన కండ్లు మళ్ళీ పెడతారా?"

"ఎవరు తీయించమన్నారో అది చెప్పు ముందు."

"నొప్పి అన్నాడు, తీయించినాం."

"ఆ నొప్పి ఏనాటి నుంచో ఉండేదే గదమ్మా. నా పెండ్లి కుదరంగానే ఆపరేషన్ ఎందుకొచ్చింది? నువ్వు చేయించినావు. నలుగురిలో నీకు నామోషీగా ఉండింది. ఆయన తెల్లకండ్లు ఎవరికీ కనబడకూడదనుకున్నావు. చేయాల్సిందంతా చేసి, ఇప్పుడు ఆశ్రమంలో పారేస్తా ఉండావు."

అనకూడని మాట. అన్నాక ధరణికీ తెలిసింది. భువనేశ్వరి లేచి నిలబడింది. గొంతు పెంచలేదు. పెంచే ఓపిక ఆమెలో లేదు.

"నీ నాయన నిద్ర గురించి అడిగేదానికి తిరపతిలో డాక్టరు ఉండాది. నా నిద్ర గురించి ఎవరన్నా అడిగినారా? ఆయన మేలుకున్నంత సేపు నేను మేలుకోవాల. పొయ్యి ముట్టిస్తాడేమో, మిషను వేస్తాడేమో, గేటు తీసుకుని రోడ్డెక్కుతాడేమో. ఆయన పడుకుంటే ఇంట్లో పని. నువ్వు ఆదివారం వస్తావు, రొంత సేపు నాయన పక్కన కూర్చుంటావు, కండ్లనీళ్ళు పెట్టుకుంటావు, బస్సెక్కి పోతావు. మొన్న ఆ తువ్వాలు కత్తిరించింది ఎవరు? నేను. చేతులు ఎట్ల వణికినాయో చూడను నువ్వు లేవు."

మురుగేష్ గుడ్డముక్కను అటూ ఇటూ తిప్పుతూ నేలకేసి చూస్తున్నాడు.  ధరణి అక్కడితో ఊరుకుంటే బాగుండేది. ఊరుకోలేదు.

"నేను అడిగినదానికి నువ్వు బదులు చెప్పలా. ఎవరు తీయించమన్నారు?"

భువనేశ్వరి ముఖం పక్కకు తిప్పుకుంది. "మీ అత్తగారోళ్ళు. ఆ కండ్లతో కన్యాదానం మీ నాయన చేయకూడదన్నారు. మురుగేష్‌ని పీటల మీద కూర్చోబెట్టమన్నారు. చాలా?"

పెళ్ళిలో అల్లుడి కాళ్ళు కడిగి బిడ్డను చేతిలో పెట్టే హక్కు తండ్రిది. అది కాదంటే తండ్రి ఉండీ లేనట్టే. ధరణికి ఒళ్ళు మండిపోయింది. అత్తగారిని తలుచుకుంది. తలుచుకోగానే కోపానికి ఒక మనిషి దొరికినందుకు ఎక్కడో కొంచెం తేలిక కూడా అనిపించింది. అప్పటికప్పుడు ఫోన్ తీసి భర్త మునీంద్రకు కలిపింది. అతను చిత్తూరులో మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. ఫోన్ తెరమీద వాళ్ళ పెళ్ళి ఫోటో ఉంది. అందులో కుప్పయ్య కొత్త కళ్ళతో, గోధుమరంగు కనుపాపలతో, కెమెరాను సూటిగా చూస్తున్నాడు. ఆ ఫోటో అంటే ధరణికి ప్రాణం. మిగిలిన ఏ ఫోటోలోనూ నాయన తనవైపు చూడడు.

స్పీకరు పెట్టింది. అందరూ వినాలని.

"ఏమండీ, ఒకటి అడుగుతా, నిజం చెప్పండి. మన పెండ్లిలో మా నాయన కన్యాదానం చేయకూడదని మీ అమ్మ అన్నిందా?"

ఫ్యాక్టరీ చప్పుళ్ళలోంచి మునీంద్ర గొంతు వచ్చింది. "ఇప్పుడేంది ధరణీ ఇది? మా అమ్మ ఎందుకంటాది? మీ చిన్నాయన చేస్తాడని మీ ఇంట్లోనుంచే గదా కబురొచ్చింది. మళ్ళా కొన్నాళ్ళకి, లేదు, మామే చేస్తాడని అన్నారు. మా వాళ్ళు దేనికీ ఏం అన్లా. యాడుండావు నువ్వు?"

ధరణి ఫోన్ చెవి దగ్గర పెట్టుకోలేదు, కట్ చేయలేదు. అలాగే చేతిలో పట్టుకుని చిన్నాయన వైపు తిరిగింది. పీటలమీద కూర్చుని పెద్దరికం వెలగబెట్టాలని ఈయనకే బుద్ధి పుట్టిందా? ఆ చూపు మురుగేష్‌కి అర్థమైంది.

"నన్ను చూడబాక పాపా. పీటల మీద కూర్చోమంటే నేను వద్దన్నా. మీ అమ్మనడుగు."

"అమ్మా?"

భువనేశ్వరి పెదవులు బిగబట్టింది. ఇందాక అత్తగారి మీద అబద్ధం చెప్పింది తనను తాను కాపాడుకోవడానికి కాదని చూసేవాళ్ళెవరికైనా తెలిసిపోతుంది. ధరణికి మాత్రం తెలియలేదు.

"చెప్పమ్మా. ఎవరన్నారు ఆ మాట?"

"భువనా, వద్దు."

లోపలి గది గుమ్మంలో కుప్పయ్య నిలబడి ఉన్నాడు. ఒక చేయి తలుపు రెక్క మీద ఉంది. ఎప్పుడు లేచాడో ఎవరూ చూడలేదు. గాజు కళ్ళు వాళ్ళ ముగ్గురి మధ్య ఖాళీలోకి చూస్తున్నాయి. పట్టపగలు ఆయనకు నడిరాత్రి. నిద్రలోంచి లాగి నిలబెట్టినట్టు ఒళ్ళు ఊగుతోంది.

"చెప్పొద్దన్నావు, చెప్పలా," అంది భువనేశ్వరి భర్తతో. "మనసులోనే పెట్టుకున్నా. ఇప్పుడు నీ బిడ్డ నన్ను నిలదీస్తా ఉండాది. నేను నిన్ను పారేస్తా ఉండానంట. ఇంక నా వల్ల కాదు." కూతురి వైపు తిరిగింది. "నువ్వే అన్నావు."

"నేనా?"

"నువ్వే. వంటింట్లో. పసుపు దంచుతా ఉంటిమి. 'నాయన కండ్లు చూస్తే వాళ్ళ వైపోళ్ళు ఏమనుకుంటారోమా, వీడియోలో అదే పడతాది, ఆల్బంలో అదే పడతాది, పీటల మీద చిన్నాయనోళ్ళని కూర్చోబెడదాం' అన్నావు. నాయనకి తెలియనీబాకమ్మా, బాధపడతాడు అని కూడా అన్నావు. గోడకి అవతల కండెల మిషను తిరగతా ఉండింది. నువ్వు ఆ మాట అంటానే ఆగిపోయింది. నీకు వినబడలా. నాకు వినబడింది."

మగ్గాల మోత అలాగే ఉంది. ధరణి తను ఆ మాట అనలేదని అందామనుకుంది. కానీ అన్నట్టు గుర్తుంది. పసుపు ఘాటు గుర్తుంది, నిశ్చితార్థానికి చేతికి పెట్టుకున్న గోరింటాకు గుర్తుంది, అమ్మ ఉన్నట్టుండి రోకలి ఆపడం గుర్తుంది. ఆ తరవాత నాయన కొత్త కళ్ళు పెట్టించుకుంటానన్నప్పుడు ఆమె ఎంత సంతోషపడిందో, దేవుడే ఒక దారి చూపించాడని ఎలా అనుకుందో, అదీ గుర్తుంది. పొద్దున్నుంచి ఎవరినో పట్టుకుని నిలదీయాలని ఊరూరూ తిరిగొచ్చిన మనిషికి నిలదీయాల్సింది తననేనని తెలిస్తే ఎలా ఉంటుంది? 

"కండ్ల డాక్టరు తప్పేంలేదు," అన్నాడు మురుగేష్. "నేను పక్కనే ఉండా. నొప్పికి మందిస్తాం, వెలుతురు తెలిసే కన్నయితే తీయము అన్నాడు. టార్చి కొట్టి, తెలస్తా ఉండాదా అని అడిగినాడు. అన్న లేదన్నాడు. మళ్ళీ మళ్ళీ అడిగినాడు. లేదు లేదు అన్నాడు. తెలిసేది కాదు గదన్నా నీకు?"

కుప్పయ్య తలుపు వదిలి, గోడ పట్టుకుని నెమ్మదిగా వసారాలోకి వచ్చాడు. స్తంభం దగ్గర తను ఎప్పుడూ కూర్చునే చోట కూర్చున్నాడు.

"తెలిసేది," అన్నాడు.



"టార్చి కొట్టంగానే ఎర్రగా వచ్చేది. తలుపు సందులోనుంచి వచ్చినట్టు. పొద్దున పూట గూడా అంతే, ఈ స్తంభం కాడ నిలబడితే ముందు ఎరుపు, తరవాత తెలుపు. మీరంతా కాకులు అంటిరి. నేనూ పోనీలే అనుకుంటి. డాక్టరు అడిగితే తెలస్తాదని చెబితే కండ్లు తీయడు. తీయకపోతే ఈ ముఖంతో పీటల మీద కూర్చోకూడదు. నా బిడ్డ కాళ్ళుచేతులు ఆడినంత కాలం గుర్తు పెట్టుకునే ఫోటో అది. దాంట్లో నేను ఉండాలనుకున్నా." చేత్తో స్తంభం తడిమాడు. "ఆ ఎర్రదనం వల్ల ఏం పని అనుకున్నా. మనిషి కనబడడు, దారి కనబడదు. రొంత వెలుతురు ఉంటే ఏంది, పోతే ఏంది అనుకున్నా. అదే నన్ను లేపతా ఉండిందని, అదే పడుకోబెడతా ఉండిందని నాకేం తెలుసు?"

భువనేశ్వరి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన ఆమె దగ్గర దాచింది ఇదొక్కటే. నటిస్తున్నావని అరిచిన రాత్రులన్నీ ఆమెకు ఒక్కసారిగా గుర్తొచ్చాయి. ఆయన ఒక్కసారి కూడా ఎదురు చెప్పలేదు. ఏదో పాపానికి శిక్ష పడుతోందని ఆయనా నమ్మాడు మరి.

ధరణి తండ్రి కాళ్ళ దగ్గర కూర్చుంది. ఏడుపు రాలేదు. వచ్చి ఉంటే కొంచెం బాగుండేది.

"నాయనా, నువ్వు ఆశ్రమానికి పోవద్దు. నాతో రా. చిత్తూరికి పోదాం. నా చేత్తో నేనే ఇస్తా మందు, రోజూ, ఒకే టయానికి. నువ్వు రేత్రి మేలుకుంటే నేనూ మేలుకుంటా. అమ్మను కొన్నాళ్ళు పడుకోనీ."

"మీ ఇంట్లో అడిగినావా?" అంది భువనేశ్వరి. ఈసారి ఆ గొంతులో నిష్ఠూరం లేదు, భయం ఉంది.

"అడిగేదేముండాది? ఆయన వద్దనడు."

"ధరణీ."

గొంతు ఆమె చేతిలోంచే వచ్చింది. మునీంద్ర ఫోన్ పెట్టేయలేదు. వంటింటి మాట, టార్చి మాట, చిత్తూరు మాట అన్నీ విన్నాడు. అవతల ఫ్యాక్టరీ చప్పుళ్ళు లేవు. బయటికి వచ్చి నిలబడి విన్నట్టున్నాడు.

"మామకి ఫోనియ్యి," అన్నాడు. "స్పీకరు తీసేసి ఇయ్యి."

ధరణి స్పీకరు తీసేసి తండ్రి చెవి దగ్గర ఫోన్ పెట్టింది. కుప్పయ్య దాన్ని రెండు చేతులతో పట్టుకున్నాడు. "చెప్పు అల్లుడా," అన్నాడు. ఆ తరవాత వింటూ ఉండిపోయాడు.

మనిషి ఫోన్లో ఏం వింటున్నాడో కళ్ళు చూసి చెప్పవచ్చంటారు. కుప్పయ్య కళ్ళు చూసి ఎవరూ ఏమీ చెప్పలేరు. పెళ్ళి రోజు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి, శుభ్రంగా, గోధుమరంగులో.  "ఊ" అన్నాడు. "నిజమే" అన్నాడు. చాలాసేపటికి, "అట్లే కానీ నాయనా, నువ్వు చెప్పిందే మంచిది" అని ఫోన్ కూతురి వైపు చాచాడు. అప్పటికే అది కట్టయిపోయింది.

"ఏమన్నాడు?" అంది ధరణి.

 వీధిలో హారన్ మోగింది. మగ్గాల మోతలో కూడా వినిపించేంత గట్టిగా మోగింది. మురుగేష్ వీధివైపు రెండడుగులు వేసి, ఆగి, వదిన ముఖం చూశాడు. 

"సంచి యాడ పెట్టినావు భువనా?" అన్నాడు కుప్పయ్య. చేత్తో నేల తడిమి, గుడ్డసంచిని తనే అందుకున్నాడు. ఇస్త్రీ మడతల మీద వేళ్ళు ఒకసారి ఆనించాడు. తరవాత తల వంచి, అలవాటైన పని చేసినట్టు, ముందు ఒక కన్ను, తరవాత రెండో కన్ను తీసి అరచేతిలో పెట్టుకున్నాడు. ఆ రెప్పలు లోపలికి కుంగిన ముఖాన్ని భువనేశ్వరి తప్ప ఎవరూ చూసి ఉండలేదు. రోజూ సాయంత్రం వాటిని కడిగి పెట్టేది ఆమే.

"పట్టుకో పాపా," అని ధరణి చేయి వెతికి ఆ రెండింటినీ అందులో పెట్టాడు. "ఆడ వీటిని కడిగి పెట్టేవాళ్ళు ఉంటారో లేదో. నీ దగ్గరుండనీ. పోగొట్టబాక."

అవి ఇంకా వెచ్చగా ఉన్నాయి. ధరణి గుప్పిట మూసుకుంది. కుప్పయ్య సంచి చంకలో పెట్టుకుని, గోడ పట్టుకుని, హారన్ వినిపించిన వైపు అడుగులు వేశాడు. మురుగేష్ చేయి అందించబోయాడు కానీ ఆయన అందుకోలేదు. గడప దగ్గరికి వచ్చేసరికి ధరణి లేచి పరుగున వెళ్ళి వెనక నుంచి ఆయన చొక్కా పట్టుకుంది. చిన్నప్పుడు బడికి పోనని ఇలాగే పట్టుకునేది.

"ఆయన ఏమన్నాడో చెప్పు నాయనా. చెప్పేదాకా వదలను."

కుప్పయ్య ఆగాడు. ఎండ ఆయన ముఖం మీద నేరుగా పడుతోంది. ఆయనకు అది వేడి మాత్రమే.

"చెప్తే నువ్వు ఆ ఇంటికి మళ్ళీ పోవు తల్లీ," అన్నాడు.